పడవల లెక్క: గణితం, కంప్యూటరు, విత్తం కలిసిన చరిత్ర



ఈ పాఠాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ప్లస్ టూ పూర్తిచేసి గణితం మీద మక్కువ, కంప్యూటరు మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "గణితం, కంప్యూటరు చదువుతూ దానికి క్వాంటిటేటివ్ ఫైనాన్స్ డిగ్రీని జోడించవచ్చా? ఈ మూడూ ఒకచోట ఇముడుతాయా?" క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అంటే షేర్లు, బాండ్లు, బీమా, రుణాల వంటి విషయాలలో ధరను, నష్టభయాన్ని గణిత పద్ధతిలో లెక్కకట్టే శాస్త్రం. దీన్ని మనం పరిమాణాత్మక విత్తశాస్త్రం అనుకోవచ్చు.

ఈ ప్రశ్నకు కాలేజీ ప్రాస్పెక్టసులో కొంత జవాబు దొరుకుతుంది. మిగిలిన జవాబు కోసం చరిత్రను అడగాలి. అక్కడికి వెళ్ళేముందు ఒక చోటు నిర్ణయించుకుందాం. మీరు గరాచర్మలో ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకోండి. దక్షిణ అండమాన్‌లో, 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకుని ఉన్న ఊరు అది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేట కోసం, కూలి పని కోసం ఓడ ఎక్కి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి పడవ అంటే ఏమిటో, సముద్రం అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ పాఠంలో పడవలతో మనకు చాలా పని ఉంది.

వడ్డీ లెక్కల నుంచి వితంతువుల నిధి దాకా

డబ్బుకూ గణితానికీ చుట్టరికం కొత్తది కాదు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా చెప్పుకునేది పావులూరి మల్లన రచించిన సారసంగ్రహ గణితం. 9వ శతాబ్దిలో అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహానికి అది తెలుగు రూపం. మహావీరుని గ్రంథంలో వడ్డీ లెక్కలకు పెద్దపీట ఉంది. అసలు ఎంత, కాలం ఎంత, వడ్డీ ఎంత అన్న ప్రశ్నలు ఆనాటి విద్యార్థికి కూడా తప్పలేదు.

అయితే వడ్డీ లెక్కలో అనిశ్చితి లేదు. అసలు, రేటు, కాలం తెలిస్తే జవాబు ఒక్కటే. రేపు ఏం జరుగుతుందో తెలియనప్పుడు లెక్క ఎలా కట్టాలి? ఈ ప్రశ్నకు గట్టి పునాది 1654లో పడింది. పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచి గణితవేత్తలు, మధ్యలో ఆగిపోయిన పందెపు సొమ్మును ఆటగాళ్ళ మధ్య ఎలా పంచాలన్న విషయం మీద ఉత్తరాలు రాసుకున్నారు. సంభావ్యతా శాస్త్రానికి ఆ ఉత్తరాలే ఆరంభమని చెబుతారు.

పందెం నుంచి ఆ లెక్క త్వరలోనే మనిషి బ్రతుకులోకి వచ్చింది. 1693లో ఎడ్మండ్ హేలీ, తోకచుక్క వల్ల మనకు పేరు తెలిసిన ఆ ఖగోళవేత్తే, బ్రెస్లావ్ నగరపు జనన మరణాల వివరాలతో ఒక పట్టిక తయారుచేశాడు. ఏ వయసువారిలో ఎందరు మరుసటి సంవత్సరానికి జీవించి ఉంటారో ఆ పట్టిక చెబుతుంది. దాని సాయంతో జీవితాంతం ఏటా కొంత సొమ్ము ఇచ్చే పథకానికి న్యాయమైన ధర ఎంతో లెక్కకట్టి చూపాడు. 1740లలో స్కాట్లండు చర్చి బోధకుల భార్యాబిడ్డల కోసం ఒక సంక్షేమ నిధి ఏర్పడినప్పుడు దాని లెక్కలను సరిచూసినవారిలో కాలిన్ మెక్లారిన్ ఒకడు. మీ కలనగణిత పుస్తకంలో కనిపించే మెక్లారిన్ శ్రేణి ఆయనదే. శ్రేణి చదివేటప్పుడు ఈ విషయం ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. ఇంటి పెద్ద పోయిన కుటుంబానికి అన్నం ఎలా దొరుకుతుందన్న ప్రశ్న నుంచి కూడా ఈ శాస్త్రం ఎదిగింది.

విశాఖ నుంచి కలకత్తాకు: ఒక నిరుద్యోగి ప్రయాణం

ఇప్పుడు మన తెలుగునాట అడుగుపెడదాం. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న, నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువు సాగింది. రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేపి, నూనెదీపం వెలిగించి తనను చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మను ఆయన తరువాతి కాలంలో తన పుస్తకంలో కృతజ్ఞతతో తలచుకున్నారు. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఎ. ప్రథమ శ్రేణిలో పూర్తిచేశారు.

చదువైతే అయింది కాని ఉద్యోగం రాలేదు. అది రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుని ఉద్యోగం ఉందని తెలిసి కలకత్తా వెళ్ళారు. వయసు చాలదని ఆ ఉద్యోగం ఇవ్వలేదు. అయితే ఆ ఊళ్ళో బస చేసిన హోటల్లో పరిచయమైన ఒక యువకుడు, తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన సంస్థ అది. రావుగారు 1941 జనవరిలో అక్కడ చేరారు. దొరకని ఉద్యోగం ఆయనను దొరకవలసిన చోటికి చేర్చింది.

1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులోని ఒక ఫలితాన్ని లోకం క్రామర్–రావు అసమానత అంటుంది. మన పాఠానికి ఇదే ఇరుసు. ఎందుకో చూద్దాం.

ఇద్దరి పేర్లు, ఒక హద్దు

ఈ పేరులోని రెండో మనిషి హెరాల్డ్ క్రామర్. స్వీడన్ దేశస్థుడు. గణితంలో గొప్ప పండితుడే కాక బీమా కంపెనీలో యాక్చురీగా పనిచేసినవాడు. యాక్చురీ అంటే బీమా ప్రీమియాలను, నిధి నిల్వలను లెక్కకట్టే నిపుణుడు. 1929లో స్టాక్‌హోం విశ్వవిద్యాలయంలో బీమా గణితానికి, గణిత సాంఖ్యక శాస్త్రానికి కలిపి ఏర్పరచిన ఆచార్య పదవిలో మొదట నియమితుడైనవాడు ఆయనే. అంటే గణితాన్నీ విత్తాన్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టడం అప్పటికే జరిగింది. క్రామర్, రావు వేరు వేరు దేశాలలో ఉండి, దాదాపు ఒకే కాలంలో ఒకే ఫలితాన్ని విడివిడిగా చేరుకున్నారు.

ఆ ఫలితం ఏం చెబుతుంది? మన దగ్గర ఉన్న సమాచారంతో తెలియని ఒక సంఖ్యను అంచనా కట్టేటప్పుడు, పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా పొరపాటు ఒక హద్దు కన్నా తగ్గదు. ఆ హద్దును ముందే లెక్కకట్టవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక షేరు ఏడాదికి సగటున ఎంత శాతం పెరుగుతుందో కనుక్కోవాలి. దాని ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, ఏడాదికి 20 శాతం అనుకోండి. సాధారణంగా వాడే నమూనాలో, T సంవత్సరాల సమాచారంతో కట్టిన సగటు అంచనాలో ప్రామాణిక దోషం 20ని T వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. 25 సంవత్సరాల సమాచారం ఉంటే దోషం 20 ÷ 5, అంటే 4 శాతం. మీ అంచనా 10 శాతం అని వస్తే, నిజం 2 నుంచి 18 దాకా ఎక్కడైనా ఉండవచ్చునని చెప్పవలసి వస్తుంది. పాతికేళ్ళ సమాచారం తరువాత కూడా మనకు తెలిసింది ఇంతే!

రోజుకొక ధర బదులు సెకనుకొక ధర తీసుకుని పెద్ద కంప్యూటరుకు ఇస్తే? ఊగిసలాట ఎంతో బాగా తెలుస్తుంది కాని, సగటు పెరుగుదల విషయంలో ఫలితం మారదు. దాని హద్దు కాలం మీద ఆధారపడింది, కంప్యూటరు వేగం మీద కాదు. రేపు ఎవరైనా మీ దగ్గరకు వచ్చి తమ సాఫ్ట్‌వేర్ ఖాయంగా లాభం తెస్తుందని చెబితే ఈ హద్దును గుర్తుచేసుకోండి. గణితం చదవకుండా కంప్యూటరు మాత్రమే నేర్చుకున్నవారికి ఈ హద్దు కనిపించదు. మూడు చదువులూ కలిపి చదవాలనడానికి ఇది మొదటి కారణం.

గరాచర్మకు కూడా ఈ కథలో చోటుంది. కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది ఈ ఊళ్ళోనే. 1978లో అది వేరొక పేరుతో మొదలైంది. వ్యవసాయ ప్రయోగాలలో ఏ మడిలో ఏ విత్తనం, ఏ ఎరువు వేయాలో తెలివిగా ఎంచుకుంటే తక్కువ మడులతో ఎక్కువ విషయం తెలుస్తుంది. ఇలాంటి ప్రయోగాల కోసం రావుగారు 1940లలో ఆర్థోగొనల్ ఎరేలు అనే పట్టికలను రూపొందించారు. తరువాతి కాలంలో ఆ పట్టికలే కంప్యూటరు ప్రయోగాలకు, క్లిష్టమైన సమాకలనాలను సంఖ్యలతో లెక్కకట్టే పద్ధతులకు పనికివచ్చాయి. పొలం కోసం పుట్టిన ఆలోచన కంప్యూటరులోకి వెళ్ళింది. శాస్త్రంలో గట్లు మనం వేసుకున్నవే.

పుప్పొడి, వేడి, షేరు ధర

ఇక షేరు మార్కెట్ వైపు చూద్దాం. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, నీటిలో తేలే పుప్పొడి నుంచి వచ్చిన సూక్ష్మకణాలు ఎడతెగకుండా కదలడం సూక్ష్మదర్శినిలో గమనించాడు. 1900లో లూయీ బాషెలియే అనే యువకుడు పారిస్‌లో, షేరు బజారు మీద రాసిన పరిశోధన గ్రంథంలో ధరల కదలికకు గణిత రూపం ఇచ్చాడు. 1905లో ఐన్‌స్టీన్ ఆ కణాల కదలికను వివరించినప్పుడు వచ్చిన గణితం దాదాపు అదే. అంటే ఈ విషయంలో బజారు గణితం భౌతికశాస్త్రం కన్నా 5 సంవత్సరాలు ముందు నడిచింది. తరువాత 1923లో వీనర్, 1933లో కొల్మొగొరోవ్, 1944లో ఇటో ఈ గణితానికి పటిష్ఠమైన ఆకారం ఇచ్చారు. చాలాకాలం ఆర్థికశాస్త్రజ్ఞులు బాషెలియేను పట్టించుకోలేదు.

1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఆప్షన్ ధరకు ఒక సూత్రం ప్రచురించారు. ఆప్షన్ అంటే ఏమిటి? ఒక షేరును ఫలానా తేదీన ఫలానా ధరకు కొనే హక్కు. కొని తీరాలన్న నిర్బంధం లేదు. అలాంటి హక్కు ఖరీదు ఎంత ఉండాలన్నది సమస్య. దాని సమీకరణాన్ని తగినట్టు మార్చి రాస్తే ఇనుప కడ్డీలో వేడి వ్యాపించే సమీకరణం వస్తుంది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి తెరుచుకుంది. ఈ కృషికి 1997లో రాబర్ట్ మెర్టన్, షోల్స్‌లకు నోబెల్ ఆర్థిక బహుమతి లభించింది. బ్లాక్ 1995లోనే మరణించాడు.

అన్ని సమస్యలకూ సూత్రం దొరకదు. దొరకనప్పుడు కంప్యూటరు కావాలి. 1977లో ఫెలిమ్ బాయిల్ ఆప్షన్ల ధరకు మాంటే కార్లో పద్ధతిని వాడాడు. షేరు రేపు నడవగల దారులను కంప్యూటరుతో వేలకొద్దీ గీయించి, వాటి ఫలితాలకు సగటు తీసుకోవడమే ఈ పద్ధతి. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. దోషాన్ని పదో వంతుకు తగ్గించాలంటే దారుల సంఖ్య 100 రెట్లు కావాలి. కొత్త యంత్రం కొనడం ఒక మార్గం. తెలివైన గణితం వాడడం మరో మార్గం. ఆ రెండో మార్గంలో నిపుణులు వాడే ఒక ఉపాయానికి రావు–బ్లాక్‌వెల్ పేరు ఉంది. దాని మూలం కూడా ఆ 1945 వ్యాసంలోనే ఉంది. విశాఖలో చదివిన కుర్రవాడు కాగితం మీద రాసిన ఫలితం ఇవాళ కంప్యూటర్లకు పని తగ్గిస్తోంది.

మన దేశంలో కంప్యూటరు ప్రవేశం కూడా ఈ సంస్థతోనే ముడిపడి ఉంది. 1955-56లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఇంగ్లండు నుంచి హెచ్ఇసి-2ఎమ్ అనే డిజిటల్ కంప్యూటరును తెప్పించింది. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటరు అదే. అక్కడే పరిశోధన చేసిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ తరువాత న్యూయార్క్ వెళ్ళి, చాలా అరుదైన సంఘటనల సంభావ్యతను లెక్కకట్టే సిద్ధాంతాన్ని నిర్మించారు. 2007లో ఆయనకు ఏబెల్ బహుమతి వచ్చింది. బీమా కంపెనీ దివాలా తీసే అవకాశం ఎంత అన్న ప్రశ్న మీద క్రామర్ 1938లో ప్రచురించిన సిద్ధాంతం ఆ దారిలో తొలి మైలురాయి.

వెయ్యి పడవల లెక్క

ఇప్పుడు మన పడవల దగ్గరకు వద్దాం. ఇది ఊహించుకున్న లెక్క. కలం, కాగితం తీసుకోండి.

కొన్ని దీవులలో మొత్తం 1,000 పడవలు ఉన్నాయి. ఒక్కొక్క పడవ విలువ 1 లక్ష రూపాయలు. ఏడాదిలో ఒక పడవ పోయే అవకాశం 100లో 1. పడవలవాళ్ళంతా కలిసి బీమా నిధి పెట్టుకున్నారు. సగటున ఏడాదికి 10 పడవలు పోతాయి. చెల్లించవలసింది 10 లక్షలు. కాబట్టి ఒక్కొక్కరు 1,000 రూపాయలు ప్రీమియం కడితే సరిపోతుంది. జాగ్రత్త కోసం 2,000 కట్టారనుకోండి. నిధిలో 20 లక్షలు ఉన్నాయి. 20 పడవలు పోయినా తట్టుకోగలదు.

పడవలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయనుకుంటే ప్రామాణిక విచలనం 1000 × 0.01 × 0.99 కు వర్గమూలం, అంటే సుమారు 3.15. 20 అనేది సగటు కన్నా 3 విచలనాలకు పైన ఉంది. అంతకు మించి పోవడం చాలా అరుదు. నిధి క్షేమం. ఇదే పాఠ్యపుస్తకపు జవాబు.

ఇప్పుడు ఒక్క మాట మారుద్దాం. పడవలు విడివిడిగా పోవు. 100 ఏళ్ళకు ఒకసారి ఒకే పెద్ద అల వచ్చి అన్నింటినీ ఒకేసారి తీసుకుపోతుంది. మిగిలిన ఏళ్ళలో ఒక్కటీ పోదు. ఇప్పుడు కూడా ఒక్కొక్క పడవ పోయే అవకాశం 100లో 1. సగటు కూడా ఏడాదికి 10 పడవలే. న్యాయమైన ప్రీమియం కూడా 1,000 రూపాయలే. కాని ప్రామాణిక విచలనం 3 నుంచి సుమారు 100కు పెరిగింది. ఆ అల వచ్చిన రోజున చెల్లించవలసింది 10 కోట్లు. నిధిలో ఉన్నది 20 లక్షలు. ప్రతి ఏడూ నమ్మకంగా ప్రీమియం కట్టిన మనిషికి 2,000 రూపాయలు చేతికి వస్తాయి.

రెండు లెక్కలలోనూ సగటు ఒక్కటే. తేడా అంతా "విడివిడిగా" అన్న ఒక్క ఊహలో ఉంది.

2004 డిసెంబరు 26 ఉదయం సుమారు 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ తరువాత వచ్చిన సునామీ అండమాన్ నికోబార్ దీవులను ఎలా దెబ్బతీసిందో మీ ఇళ్ళలో పెద్దలు చెప్పే ఉంటారు. గరాచర్మకు దగ్గరలోని సిప్పీఘాట్‌లో నేల కుంగి, పొలాల మీదికి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. పడవ పోయినవాడి పక్కింటివాడి పడవ కూడా పోయింది. పొలం మునిగినవాడికి చేబదులు ఇవ్వగల బంధువు పొలం కూడా మునిగింది. లెక్కలో "విడివిడిగా" అన్న మాట తప్పితే బ్రతుకులో జరిగేది ఇదే.

ఇదే పొరపాటు పెద్ద మేధావులు కూడా చేశారు. 1994లో మొదలైన లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికన్ నిధిలో భాగస్వాములలో మెర్టన్, షోల్స్ ఉన్నారు. 1998లో రష్యా రుణ సంక్షోభం వచ్చినప్పుడు, విడివిడిగా నడుస్తాయనుకున్న పెట్టుబడులన్నీ కలిసి పడిపోయాయి. 14 ఆర్థిక సంస్థలు సుమారు 360 కోట్ల డాలర్లు పోసి ఆ నిధిని నిలబెట్టవలసి వచ్చింది. నోబెల్ వచ్చి ఏడాది కూడా నిండలేదు! 2008లో మరింత పెద్దది జరిగింది. అమెరికాలోని వేలాది గృహ రుణాలు ఒకేసారి మునగవన్న ఊహ మీద బాండ్లు కట్టారు. ఇళ్ళ ధరలు దేశమంతటా పడిపోయేసరికి అవన్నీ కలిసి మునిగాయి. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా ప్రకటించింది.

అదే కాలంలో మన దేశంలో రిజర్వు బ్యాంకు గవర్నరు కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి. ఆయన 2003 నుంచి 2008 దాకా పదవిలో ఉన్నారు. వాణిజ్య స్థిరాస్తి రుణాలకు బ్యాంకులు పాటించవలసిన రిస్కు బరువును ఆయన హయాంలో 100 శాతం నుంచి దశలవారీగా 150 శాతానికి పెంచారు. అంటే అలాంటి రుణం ఇచ్చే బ్యాంకు మరింత సొంత మూలధనాన్ని పక్కన పెట్టుకోవాలి. మంచి రోజులలో ఇది అతి జాగ్రత్తగా కనిపించింది. చెడ్డ రోజు వచ్చినప్పుడు మన బ్యాంకులు తట్టుకుని నిలవడానికి తోడ్పడిన చర్యలలో ఇదొకటి.

లెక్క సరైనదే అయినా, అందులో వేసిన అంకె అబద్ధమైతే? 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, కంపెనీ ఖాతాలలో చూపిన నగదులో సుమారు 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని స్వయంగా రాసిచ్చారు. ఆ అంకెలను నమ్మి ఎందరో షేరు విలువ కట్టారు. ఏ సూత్రమూ ఆ అబద్ధాన్ని పట్టుకోలేదు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం కూడా ఈ చదువులో భాగమే.

దీవులకు పనికివచ్చే విత్తశాస్త్రం

ఇన్ని వైఫల్యాలు విన్నాక ఈ శాస్త్రం మీద మీకు అనుమానం రావచ్చు. దానికి జవాబుగా మరో దీవుల కథ వినండి. కరేబియన్ సముద్రంలోని చిన్న దేశాలు 2007లో కలిసి ఒక విపత్తు బీమా నిధి ఏర్పరచుకున్నాయి. ఇందులో నష్టాన్ని ఇల్లిల్లూ తిరిగి అంచనా వేయరు. భూకంప తీవ్రత, గాలి వేగం వంటి కొలతలను కంప్యూటరు నమూనాలో వేసి, ముందే ఒప్పుకున్న హద్దు దాటితే సొమ్ము చెల్లిస్తారు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు సుమారు 77.5 లక్షల డాలర్లు రెండు వారాల వ్యవధిలోనే ఆ దేశానికి అందాయి. నష్టంతో పోలిస్తే అది చిన్న మొత్తమే కాని, చేతిలో చిల్లిగవ్వ లేని వేళకు చేరింది. వెయ్యి పడవల లెక్కకు ఇదొక జవాబు. ఒకే అల అన్ని దీవులనూ ముంచదు కాబట్టి దూరదూరపు దీవులు కలిసి నిధి పెట్టుకోవాలి. మిగిలిన భారాన్ని ప్రపంచ బీమా మార్కెట్‌తో పంచుకోవాలి.

మన దేశంలో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో పనిచేస్తోంది. భూకంపం ఎక్కడ ఎంత తీవ్రతతో వస్తే అల ఎటు ఎంత వేగంతో వెళుతుందో అక్కడి కంప్యూటర్లు ముందే లెక్కకట్టి దాచుకుంటాయి. అసలు సమయంలో ఆ నిల్వలోంచి సరిపోయేదాన్ని తీసి చూస్తారు. ఆ లెక్కనూ బీమా లెక్కనూ కలపగలిగిన మనిషి దీవులకు కావాలి. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు?

అయితే ఏ చదువు, ఏ క్రమంలో?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. ఈ మూడు చదువులూ ఇముడుతాయి. చరిత్రలో అవి కలిసే పెరిగాయి. అయితే క్రమం ముఖ్యం. బాషెలియే, క్రామర్, రావు, వరదన్‌లలో ఎవరూ ముందు "ఫైనాన్స్ డిగ్రీ" తీసుకోలేదు. అందరికీ పునాది గణితమే. కాబట్టి మొదటి డిగ్రీలో కలనగణితం, రేఖీయ బీజగణితం, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం, అవకలన సమీకరణాలు గట్టిగా నేర్చుకోండి. వాటి పక్కనే ప్రోగ్రామింగ్, అల్గారిథమ్‌లు, సంఖ్యా పద్ధతులు నేర్చుకోండి. విత్తశాస్త్రాన్ని చివరి సంవత్సరాలలోనో పీజీలోనో చేర్చుకోవచ్చు. ఆప్షన్ సూత్రం నెల రోజులలో నేర్చుకోవచ్చు. దాని వెనుక ఉన్న ఊహ ఎక్కడ విరుగుతుందో చూడగల చూపుకు సంవత్సరాలు పడుతుంది.

దారులు ఇప్పుడు ఎక్కువే. ఐఐటీ ఢిల్లీ, గౌహతి, హైదరాబాదు వంటి చోట్ల గణితం, కంప్యూటింగ్ కలిపిన బీటెక్ కోర్సులు వచ్చాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్ 1960 నుంచి ఉంది. 2007లో హైదరాబాదులో సి.ఆర్. రావు పేరున ఏర్పడిన సంస్థ పూర్తి పేరులోనే గణితం, సాంఖ్యకశాస్త్రం, కంప్యూటర్ సైన్సు మూడూ పక్కపక్కన ఉన్నాయి. ఒకే కాలంలో రెండు డిగ్రీ కోర్సులు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. అనుమతి ఉన్నంత మాత్రాన రెండు చోట్లా చేరిపోకండి. రెండు కోర్సుల పాఠ్యప్రణాళికలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది మొదటిదాన్నే మళ్ళీ చెబుతుంటే ఆ రుసుము, ఆ కాలం వృథా. యాక్చురీ పరీక్షలు మరో దారి. అవి డిగ్రీతో పాటు ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు.

దూరం సంగతి? పోర్ట్ బ్లెయిర్‌లో 1967లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం దీవుల బిడ్డలకు డిగ్రీ చదువును దగ్గర చేసింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ దీవులకు ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడిన నెట్ ఎంత నెమ్మదిగా ఉండేదో మీ అన్నలను, అక్కలను అడగండి. నూనెదీపం వెలుగులో చదివిన విద్యార్థికి విశాఖ నుంచి కలకత్తా ప్రయాణం తప్పలేదు. మీకు కొంత ప్రయాణం ఇంట్లోనే సాగుతుంది.

సి.ఆర్. రావు 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారానికి ఎంపికయ్యారు. దానికి ముఖ్య కారణం 1945 నాటి ఆ వ్యాసమే. అదే సంవత్సరం ఆగస్టు 22న కన్నుమూశారు. పాతికేళ్ళ వయసులో రాసిన పునాది ఫలితం 78 సంవత్సరాల తరువాత కూడా పనిచేస్తూనే ఉంది. ఉద్యోగాల పేర్లు మారుతుంటాయి, కోర్సుల పేర్లు మారుతుంటాయి. పునాది మారదు.

మీరే చేసి చూడండి

1. వెయ్యి పడవలు పది దీవులలో, దీవికి వంద చొప్పున ఉన్నాయనుకోండి. అల వస్తే ఒక దీవిలోని పడవలన్నీ పోతాయి. ఏడాదిలో ఒక్కొక్క దీవికి అల వచ్చే అవకాశం 100లో 1. దీవుల మధ్య సంబంధం లేదు. ప్రామాణిక విచలనం ఎంత? అది 3కు దగ్గరా, 100కు దగ్గరా?

2. పది దీవులకు బదులు వంద దీవులు, దీవికి పది పడవల చొప్పున ఉంటే ఏమవుతుంది? జవాబు చూశాక, మీ ఊరివారు ఎవరితో కలిసి నిధి పెట్టుకుంటే మంచిదో ఒక పేజీలో రాయండి. రాసినదాన్ని పడవ ఉన్న ఒక మనిషికి చదివి వినిపించండి. ఆయనకు అర్థమైతే మీకూ అర్థమైనట్టే.